ధర్మకాటా

ముప్పై ఒక్క ఏళ్ళు పోర్టు గేటు దగ్గర
లారీలు తూచిన మనిషి మా సన్యాసమ్మత్త.
ఖాళీ బండి తూకం ఒకటి,
సరుకుతో తూకం ఒకటి,
మధ్యలో తేడా ఒక్కటే నిజం అనేది.

ఇక మందు మార్చేది లేదని డాక్టరు చెప్పిన సాయంత్రం
స్కానింగు కవరు వెనక పెన్సిలుతో గళ్ళు గీసుకుంది.
"పోడానికి చోటు నానే చూసుకుంటాను.
బేగి ఆటో పిలవే గుంటా."

బీచి రోడ్డులో మొదటిది.
అద్దాల గోడ, గోడ నిండా సముద్రం.
ఏసీ, టీవీ, ఆదివారం భజన అంటూ
మేనేజరు వేళ్ళు మడుస్తున్నాడు.
"రేత్రి రెండున్నరకి నొప్పొస్తే
మాత్ర నా నోట్లో పడ్డానికి ఎన్ని నిమిషాలు?"
ఆయన సముద్రం వైపు చూశాడు.
"మార్ఫిన్ బీరువా తాళం ఎవరి కాడుంటది?"
"సారు దగ్గరండీ."
"సారెక్కడుంటాడు?"
"భీమిలి."
అత్త కవరు మడిచేసింది.
భీమిలి ఎంత దూరమో నాకు
తిరిగొస్తూ ఆటోలో
ఆమె నా మణికట్టు పట్టుకున్న పట్టులో తెలిసింది.

గాజువాకలో రెండోది
మందుల షాపు మీద, మూడో అంతస్తు.
లిఫ్టు లేదు.
"మరి దించడం ఎలాగ?"
"కుర్చీకి కట్టి దించుతామమ్మా" అన్నాడు కుర్రాడు, దాచకుండా.
నేను తల తిప్పుకున్నాను.
అత్త మాత్రం నవ్వి
వాడి గడిలో ఒక మార్కు వేసింది.

మూడోది మాధవధారలో, కొండ కింద.
ఆరు మంచాలు. పెచ్చులూడిన గోడ.
ఫ్యాను తిరిగినంతసేపూ ఏదో ఫిర్యాదు చేస్తూనే ఉంది.
అత్త నర్సునేమీ అడగలేదు.
దండెం మీది తువ్వాలు ముక్కు దగ్గర పెట్టుకుంది.
మంచినీళ్ళ గ్లాసు
పడుకున్న చెయ్యికి అందుతుందో లేదో
తన చెయ్యి చాపి చూసింది.
రెండో మంచంలో ఎర్రయ్య, హార్బరు మనిషి,
మాట సగం పోయింది.
దుప్పటి కొంచెం ఎత్తి మడమలు చూసింది,
గోళ్ళు చూసింది,
"ఓపాలి గంట కొట్టు బావా" అంది.
కొట్టాడు.
ఆమె కళ్ళు వాచీ మీద.

నలభై సెకన్లు.
లోవరాజు వచ్చాడు, చేతుల నిండా సబ్బు నురగ.
మమ్మల్ని చూడలేదు.
"ఏం తాతా?"
ఎర్రయ్య గడ్డంతో అత్తను చూపించాడు, ఈవిడ కొట్టమంది అన్నట్టు.
లోవరాజు నవ్వి,
చేతులు లుంగీకి తుడుచుకుని,
ఎలాగూ వచ్చాను కదా అని
తలగడ తిరగేసి చల్లటి వైపు పైకి పెట్టి
వెళ్ళిపోయాడు.

అప్పుడు నర్సుతో అంది:
"ఆ నాలుగో మంచం ఖాళీ ఎందుకు?"
"మంగళవారం పోయారమ్మా."
"పక్కనెవరున్నారు?"
నర్సు కాసేపు మాట్లాడలేదు.
"రాత్రంతా నేనే ఉన్నాను.
పాలు పొంగుతుంటే దించి రావడానికి వెళ్ళాను.
ఆ ఐదు నిమిషాల్లోనే."

అత్త పెన్సిలు నాలికకు తడి చేసి ఏదో రాసింది.
మార్కులు కోసేసిందనుకున్నాను.

మర్నాడు బియ్యం తూచే కాటా మీద నిలబెట్టారు.
ముప్పై నాలుగున్నర.
"ఖాళీ బండి తూకం, రాసుకోండి" అంది.
ఎవరికీ అర్థం కాలేదు, నాకు తప్ప.

పంతొమ్మిది రోజులు.
అన్నం కొన్నిసార్లు ముద్దయ్యేది.
దోమలు ఉండేవి, చెప్పాలి కదా.
చందువా పులుసు అడిగితే
ఇవాళ దొరకలేదని చెప్పి, ఎల్లుండి తెచ్చారు.
రెండు చెంచాలు తాగి, ఉప్పు తక్కువంది.

ఆఖరి రాత్రి గంట కొట్టింది నేను.
అలవాటుగా లెక్కపెట్టడం మొదలెట్టాను.
ఇరవై దాటాక లెక్క తప్పింది,
గుమ్మంలో చెప్పుల చప్పుడు వినబడింది.

కవరు ఇప్పటికీ నా దగ్గరుంది.
మూడో గడిలో అంకె లేదు.
"పాలు దించడానికెళ్ళింది. దాచలేదు."
దాని కింద, వంకరగా:
"తలగడ."