ఇస్త్రీ బండి, బ్రాడీపేట

పందొమ్మిదేళ్ళ పిల్లాడు. జేబు మీద నల్ల బిళ్ళ.
ఎల్డరంటే పెద్ద అనట,
మీసమే సరిగ్గా రాలేదింకా.

సోమవారం సోమవారం తెల్లచొక్కాలు తెస్తాడు.
కాలర్లు చూసి చెప్పేస్తా
ఏ లైన్లో ఎన్ని గుమ్మాలెక్కాడో.
మిర్చి యార్డు వైపు తిరిగిన చొక్కా అయితే
నీళ్ళు చిలకరించగానే తుమ్ములు.

టీ తాగడు. మా దేవుడొద్దన్నాడంటాడు.
మజ్జిగ వద్దన్లేదుగా, అన్నాను.

'రేపు రండి' అన్నారని
మర్నాడే వెళ్ళాడట మూడిళ్ళకి!
నవ్వాపుకుని చెప్పాను:
అది తలుపేసిన చప్పుడు నాయనా.

కదిలేటప్పుడు 'వెళ్తాను' అనేవాడు.
ఛ, 'వెళ్ళొస్తా' అనాలి.
ఎన్ని వారాలు నేర్పానో.

మొన్న పెట్టెతో వచ్చి
ఒక్క తప్పు లేకుండా అన్నాడు.
ఊరు మార్చారట.

ఇవాళ ఇంకో నల్ల బిళ్ళ.
'వెళ్తాను' అన్నాడు.
బొగ్గులు ఊదుకుంటూ
ఊరుకున్నాను.