కుడి బూటు మొన

గెమ్మెల్ దొర బంతి వేయడం నేనెప్పుడూ చూడలేదు.
చేపాక్ గేటులో మా బోటివాళ్లకి
రోలరు లాగే రోజు తప్ప దారి లేదు.
బెల్స్ రోడ్డు మలుపులో గోనెపట్టా, దాని మీద నేను, నా ఆరె, నా రంపి.
ఆయన ఆటంతా
కుడి బూటులోంచే తెలుసు నాకు.

మొదటిసారి నౌకరు తెచ్చినప్పుడు
మొన దగ్గర తోలు కాస్త గీసుకుంది, అంతే.
బంతి విసిరే ముందు వెనక కాలు నేల మీద ఈడుస్తాడట.
ముగ్గుర్ని ఔట్ చేశాడంట,
అందులో ఒకడు కలెక్టరు తమ్ముడంట,
క్లబ్బు బట్లరు మునుస్వామి చెప్పాడు.
పెరియమేడు పోయి ఎద్దు మెడతోలు తెచ్చి
రెండు పొరలు వేసి కుట్టాను.
మెడతోలు అంత తేలిగ్గా అరగదు.
కాడి మోసిన తోలు కదా.

హార్బరులో క్రేన్లు బాగుచేసే ఇంజనీరు. స్కాట్లాండు మనిషి.
ఇంగ్లీషువాడివా అని ఎవరైనా అడిగితే
పుల్ల చింతకాయ కొరికిన మొహం పెట్టేవాడట.
రాయపురం ఎండుచేపల గాలి తిరిగిందంటే
మిగతా దొరలు ముక్కుకి రుమాలు కట్టేవాళ్లు.
ఈయన ఆగి, గుండె నిండా పీల్చి,
"ఎంగ ఊరు" అనేవాడు.
ఆయనకొచ్చిన అరవం ఆ రెండు ముక్కలే.

రెండోసారికి మొన పూర్తిగా పోయింది.
లోపలి గుడ్డ బయటపడింది, గుడ్డ మీద ఎండిన నెత్తురు.
పద్దెనిమిది ఓవర్లు, ఒక్క వికెట్టు,
మిగతావాళ్లు అలిసి గొడుగుల కింద నిమ్మరసం తాగుతుంటే.
ఇవి మునుస్వామి లెక్కలు.
నెత్తురు లెక్క నాది.
ఇనప రేకు తాపడం వేసి అణా ఎక్కువ అడిగాను.
రెండిచ్చి పంపాడు.

మూడో ఆట గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు.
మూడోసారి బూట్లు పట్టుకుని తనే వచ్చాడు.
మోకాలు వంగడం లేదు, నిలబడే ఉన్నాడు.
కుడి బూటు తిప్పి చూశాను,
రేకు నేనిచ్చినట్టే తళతళలాడుతోంది.
ఐదారు బంతులకి మించి ఈడ్చలేదు ఆ కాలు.

మేకులు పీకెయ్యమని వేళ్లతో చూపించాడు.
ఇంకో రెండు వేళ్లని గాల్లో నడిపించాడు,
ఇక నడకకే అన్నట్టు.

పటకారు పట్టాను.
ఒక్కోటీ కిర్రుమని ఊడుతుంటే
ట్రాము పట్టాల వైపు చూస్తూ లెక్కపెట్టుకున్నాడు,
పెదవులు మాత్రం కదిలాయి.
పేపరువాళ్లకి తెలియకముందే, క్లబ్బుకి తెలియకముందే
నా ఒళ్లో అయిపోయింది ఆ ఆట.
బొక్కల్లో మైనం కూరి, తెల్లతోలుకి నల్లరంగు పూశాను.

రేకు మాత్రం తియ్యనివ్వలేదు.
ఎందుకని అడగడానికి నాకా ఇంగ్లీషు లేదు.
వాలాజా రోడ్డు దాటి పోతుంటే
కుడి అడుగొక్కటే టక్కుమంది, టక్కుమంది,
ట్రాము వచ్చి మింగేదాకా.

మేకులేమయ్యాయంటావా?
ఊరికే పోనిస్తానా.
కొనలు సాపుచేసి పోలీసు బూట్లకి కొట్టేశాను,
జతకి రెండణాలు.
ఏదీ, నీ చెప్పు ఇటివ్వు.