మూడో బేరింగు కింద

ఈ కారుకి ఇంజను వెనక, సామాను ముందు.
"దారి తప్పినా కూరగాయలు మనకంటే ముందే ఇల్లు చేరతాయి"
అంది గ్రోజ్దానా, తాళాలు నా చేతిలో పెడుతూ.
నవ్వలేదు.
జస్తావా ఏడువందల యాభై. ఒకప్పుడు మీగడ రంగట.
ఆ రంగు ఇప్పుడు తలుపు మడతల్లో మాత్రం దాక్కుంది.

క్రాగుయెవాత్స్‌లో ఫిబ్రవరి, షెడ్డులో ఒక్కటే బల్బు.
పాత దుప్పటి పరిచి ఇంజన్ని దించాం,
నేనూ మా బావమరిది ద్రాగోల్యూబూ.
దింపుడు కళ్లం ఆశ చావక
ఫ్యాను రెక్క పట్టుకుని చేత్తో ఒక చుట్టు తిప్పి చూశాను.
కదిలింది కానీ
ఎవరో గదిలో కుర్చీ జరిపినట్టు
లోపల ఎక్కడో ఒక బరువైన చప్పుడు.

ముందు చక్రాల సంగతి సరేసరి.
ఎడమ చక్రం పాలపన్నులా ఊగుతోంది,
కింగ్‌పిన్ను బుష్షులు అరిగి అండాకారమయ్యాయి.
అడ్డంగా పడుకున్న కమాను పట్టీల మధ్య
ఏ వానాకాలందో ఎండిన బురద,
అందులో ఒక పొద్దుతిరుగుడు గింజ.
ఇరుసు చివర్ల రబ్బరు కప్లింగులు
చలికాలపు మడమల్లా పగిలిపోయాయి.
విప్పిన ప్రతి బోల్టూ అట్టముక్కకి గుచ్చి
ఎక్కడిదో పెన్సిలుతో రాసుకున్నాను.
ద్రాగోల్యూబు మాత్రం అన్నీ ఒకే ఊరగాయ సీసాలో వేశాడు.
రెండు రోజులు మాటల్లేవు మాకు.

మూడో సిలిండరు. కనెక్టింగు రాడ్డు టోపీ ఊడదీశాను.
బేరింగు చిప్ప కింద మరొకటేదో మెరిసింది.
రేకు ముక్క.
నీలం రంగులో చేప తోక,
సగం తెగిన ఒక అక్షరం.
సార్డీన్ డబ్బా!

పుస్తకం ప్రకారం ఇది పాపం.
మైక్రోమీటరుతో కొలిచాను:
మిల్లీమీటరులో నూరోవంతులు ఆరు.
డబ్బా రేకు అంత పల్చన ఉండదు,
రాయి మీద కూర్చుని అరగదీసుంటాడు ఎవరో.
అంచులు చూస్తే ఎక్కడా గరుకు లేదు.
ఇంత నున్నగా కోసే మెకానిక్కుని
నేను చూడలేదు.

"మెకానిక్కేమిటి, మా బోరివోయెది
సీట్లు కుట్టే విభాగం" అంది గ్రోజ్దానా.
"ఆంక్షల ఏళ్లు. వంతెన పక్కన
పెట్రోలు నిమ్మసోడా సీసాల్లో అమ్మేవాళ్లు.
కార్లు చేసే ఊళ్లోనే కారుకి బేరింగు లేదు.
ఆ చేపలు మిల్యానా పుట్టినరోజున తిన్నాం.
నలుగురికి ఒక డబ్బా,
నూనె అంతా రొట్టెతో తుడుచుకుని.
మర్నాడు తోలు కోసే కత్తెర తెచ్చాడు."
అంతే చెప్పింది. కాఫీ పొంగుతుంటే లోపలికి వెళ్లింది.

చాచక్‌లో క్రాంకు సానబట్టించాను.
కొత్త చిప్పలకి వేలితో నూనె రాశాను,
పసిబిడ్డ నాలిక మీద తేనె రాసినంత మెల్లగా.
టార్కు పానా టక్కుమనేదాకా బిగించి
మళ్లీ ఒకసారి, నమ్మకం లేక.
బుష్షులు కొత్తవి, రబ్బర్లు కొత్తవి.
సీసాలో చివరికి ఒక వాషరు మిగిలింది.
అది ఎక్కడిదో ఇప్పటికీ
నాకూ తెలీదు, ద్రాగోల్యూబుకీ తెలీదు.

రేకు ముక్క ఆమె చేతిలో పెట్టాను.
చేప తోకని కళ్లజోడు లేకుండా చూసింది.
"ఇదెందుకు నాకు?" అంటూనే
వంగి, షెడ్డులో బల్ల కాలి కింద దోపింది.
"ఎప్పట్నించో ఊగుతోందిది."

సీట్ల మధ్య మీట లాగాను. గిరగిర.
ఇంకోసారి. గిరగిరే.
"జరుగు" అంది, ఇంటి చెప్పులతోనే ఎక్కి కూర్చుంటూ.
చోకు సగం. రెండు ఊపిర్ల సేపు ఆగింది.
అప్పుడు లాగింది.
నీలిపొగ, దగ్గు, ఇంకో దగ్గు,
ఆ తర్వాత
కుట్టుమిషను మీద కాలు కుదిరినట్టు ఒకే చప్పుడు.

వెనక మూత కింద కర్రపుల్ల పెట్టి
గాలాడేలా ఎత్తి ఉంచాం.
మొదటి వెయ్యి కిలోమీటర్లు యాభై దాటకూడదు.
లారీలు వెనక నించి మోత మోగిస్తున్నాయి,
ఒక సైకిలు కుర్రాడు దాటుకుపోతూ చెయ్యి ఊపాడు.
ఆమె పక్క సీట్లో, ఒళ్లో సంచి,
కిటికీలోంచి రేగుతోటల వైపు చూస్తూ
"గేరు మార్చు" అంది.

నాకింకా ఏమీ వినపడలేదు.