మూసి ఉన్నప్పటి అంకె

పలాసలో రాత్రి రెండున్నర.
డ్రయ్యరు గదిలోంచి వచ్చేది వేగిన వాసన కాదు,
మాడిన వాసన.
పన్నెండు ట్రేల జీడిపలుకులు
బొగ్గుముక్కలై కూర్చున్నాయి.

జోగారావు గారు ముందు తవిటమ్మ మీద అరిచారు,
తర్వాత నాకు ఫోన్ చేశారు.

ఆమె గోడకానుకొని నిల్చుంది,
జీడిసొన తిన్న వేళ్లు కొంగులో దాచుకొని.
"నానేటీ ముట్నేదు బావూ.
ఎర్రదీపం ఆరిపోనాది. ఏడి ఆగనేదు."
ఒక్కసారే అంది.
ఆ ముక్క నాకు చాలు.

పానెల్ తలుపు తీశాను.
అరచేతిలో పట్టే నల్లపెట్టె,
నాలుగు మరలు, వీపుకి అల్యూమినియం రెక్కలు.
కదిలే నాలుక లేదు, టక్కుమనదు.
పాత కాంటాక్టరులా చప్పుడు చేసి చావదు.
చచ్చాక కూడా
కరెంటు పంపుతూనే ఉంటుంది.

"నలభై ఆంపియర్లని రాసుంది కదయ్యా!
హీటరు తాగేది పది దాటదు.
నాలుగింతలు పెద్దది కొన్నాను."

టార్చి వేసి కింది వరుస చూపించాను,
కొన్నవాడూ అమ్మినవాడూ చదవని వరుస:
ఇరవై నాలుగు నుంచి రెండొందల ఎనభై ఓల్టులు.

గొట్టా దగ్గర వంశధార షట్టర్లు చూశారా?
ఎత్తితే ఎంత నీరు పోతుందో, అది మీ నలభై.
దించినప్పుడు
వెనక ఎంత నది నిలబడుతుందో
అది ఈ అంకె.
పని చేస్తున్నప్పటి బలం కాదండీ ఇది,
ఊరికే ఉన్నట్టు కనిపించేటప్పుడు
మోసే బరువు.

పోయిన నెల ఇచ్ఛాపురం నుంచి
పాత హీటర్లు తెచ్చారు. చవకగా వచ్చాయన్నారు.
అవి ఫేజుకీ ఫేజుకీ మధ్య బతికినవి.
నాలుగొందల పదిహేను.
అదీ మీటరు చెప్పే మర్యాద మాటే.
అల కొస ఐదొందల ఎనభై దాటుతుంది
సెకనుకి వందసార్లు.
లోపలి సిలికాన్ ముక్క ఆరొందల దాకా పళ్లు బిగిస్తుంది.
అవతల బోరు మోటారు ఆగినప్పుడల్లా
లైను మీద ఒక పోటు.

"మరి ఇన్నాళ్లూ పనిచేసిందే?"

పనిచేయలేదు. ఓర్చుకుంది.
ఇరవై మూడు రోజులు.
దాన్నే మీరు సరిపోయిందనుకున్నారు.

ఆయన ట్రేల వైపు తిరిగి
కిలోల లెక్కలోకి వెళ్లిపోయారు.
నాలుగొందల ఎనభై రకం కావాలి,
ఇక్కడ దొరకదు, విశాఖ నుంచి రావాలి,
పక్కన పోటు తాగే నీలం బిళ్ల ఒకటి,
అందాకా పాత కాంటాక్టరే గతి.
ఇదంతా ఆయన వీపుకి చెప్పాను.

తవిటమ్మ మాత్రం వింది.
ఇంకోటి కూడా చెప్పాను ఆమెకి:
కొత్తది పెట్టినా, మూసినా,
సన్నగా కొంచెం కారుతూనే ఉంటుంది.
లోపల చెయ్యి పెట్టే ముందు
మెయిన్ దించు, దీపాన్ని నమ్మకు.

"అయితే ఆరినట్టు అగుపించినా
ఆర్నట్టు కాదన్నమాటేనా?"

అంతే.

"ఆ అంకేటో మళ్లీ సెప్పు."
మాడిన పలుకొకటి ఏరి
పానెల్ తలుపు లోపలి వైపు రాసుకుంది,
480.
నాలుగు తిరగబడింది.
నేను దిద్దలేదు.

కాశీబుగ్గ వైపు తెల్లారుతోంది.
నా ఆరొందలు ఇచ్చారు, లెక్కపెట్టుకున్నాను.
ఆమె చీపురు తీసింది.
మాడిన పప్పు ఖరీదు ఆమె కూలిలో కోస్తారేమో
అడగాలనిపించింది.

అడగలేదు.
బండి స్టార్ట్ చేశాను.
రిలే గురించి అంతసేపు మాట్లాడినవాణ్ణి.