తెర ఎనుక దిక్కు

సిన్మ పేరు అవ్వకు యాదిలేదు.
ఏ ఫసలీనో చెప్పలేదు,
ఆజంజాహీ మిల్లు ఇంక లేవలేదని మాత్రం అన్నది.
మట్టెవాడ కాడ ఖాళీ జాగల డేరా ఏసిండ్రట,
బకెట్లతోటి నీళ్లు గొట్టి తెర తడిపిండ్రట.
ముంగట మొగోళ్లు. ఎనుక ఆడోళ్లు, అర్ధణా.

ఎనుక నుంచి చూస్తె అంత ఉల్టా.
అక్షరాలు గూడ ఉల్టనే వచ్చి పోయినయి.
"సీదగ వస్తె మాత్రం మేం సదివేటోళ్లమా?"

పిల్లను చూడనీకి ఒకడు గాజులోడి ఏషం గట్టిండు.
చెయ్యి వట్టిండు. వట్టినోడు ఇడుస్తలేడు.
ముంగటి వరుసల పెద్దమనుషులు గొణిగిండ్రు.
తెర పక్కన కట్టె వట్టుకొని కథ జెప్పే దస్తగీర్ సాబు
"నాడి జూస్తున్నడు, పిల్లకు జెరం" అన్నడు.
డేరా గుంజలు ఊగినయి.
మర్నాడు ఆట మొదలు గాకముందే ఈలలు:
"సాబూ, జెరం తగ్గిందా?"
వారం దినాలు వరంగల్ బజార్ల
ఎవడు ఎవని చెయ్యి వట్టినా జెరమే.

గాజు ఎక్కించింది కుడిచేతికి, అంటడు మా తాత మార్కండయ్య.
పురచేతికి, అంటది ఆండాలవ్వ.
దర్రీ మగ్గం మీద ఆ కొసకొకరు ఈ కొసకొకరు
పంజా గొట్టుకుంట యాభై ఏండ్లు ఇదే లొల్లి.
కొత్తవాడ జంపఖానాకు ఎనుకా ముంగటా ఉండదు,
ఎట్ల పరిచినా అదే పువ్వు.
నేసేటోళ్లకు తెల్వదా?
అయినా ఒక్కరు ఒప్పుకోలే.

ఒకనాడు నూలు చిక్కు దీసుకుంట
నాకొక్కదానికే చెప్పింది:
"గాజులోడు గోడ దునికి
పిల్ల నాయిన గడ్డం మీద పడ్డప్పుడు
ముంగట దిక్కు ఎవడో పోరడు లేచిండు.
పిల్ల లేదు, గాజులు లేవు,
తెర నిండ ఒక పిలక, రెండు చెవులు.
'కూసో! కూసోర!' డేరంత ఒర్లింది.
ఆ మూగబొమ్మల నాకు సక్కగ ఇనవడ్డ మాట అదొక్కటే.
వాడు కూసోలే."

మూడేండ్లకు పెండ్లి.
పెట్రోమాక్స్ ఎలుగుల గోడ మీద
అదే పిలక కనవడ్డదట.
నిజమో, నా కోసం అప్పటికప్పుడు నేసిందో.
తాతను అడిగితె "నేను లేవనే లేదు" అన్నడు.
జరసేపాగి,
"ఎవడో నా చెప్పులు గుంజిండు, గందుకే."

టీవీ వచ్చినంక
ఐతారం సిన్మకు వాడంత మా ఇంట్లనే.
తాత తువ్వాల దేవులాడుకుంట వచ్చి
సరిగ్గ బొమ్మకు అడ్డం నిలవడేటోడు.
"జరుగు తాతా!" అని ఒర్లేటోళ్లం.
అవ్వ ఒక్కతె
ఆకువక్క నములుడు ఆపి
ఆయన ఈపు దిక్కు చూసేది,
టికెట్టు కొన్నట్టు.