జీళ్ళు

ఆదివారం ఆరున్నరకల్లా
పర్లాకిమిడి మైదానం గట్టుమీద
తువ్వాళ్ళు పరుచుకుని కూర్చుంటాం,
మేచి పిల్లలకి కాదు, మాకే ఉన్నట్టు.

"పాతపట్నం క్లబ్బుకి మార్చీమంతన్నారు మా ఆయన.
అక్కడి కోచు విశాపట్నంలో ఆడినోడట"
ఫ్లాస్కు మూత తిప్పుతూ బెహరా కామేశ్వరి.
"నెలకెంతేటి?"
"పద్దెనిమిదొందలు. బూట్లు యేరే."
"అటేపు ఆడితే ఆంధ్రా, ఇటేపు ఆడితే ఒడిశా.
ఆధార్లో ఏ ఊరుంటే అదే పిల్లోడి రాష్ట్రం"
అన్నాడు ఎరువుల కొట్టు లింగరాజు,
కొడుకు పుట్టిన సంవత్సరాన్ని
రెండు కాగితాల్లో రెండు రకాలుగా రాయించినవాడు.

మా కోచు సుబల్ గొమాంగో సారు
నీళ్ళ టేంకు దగ్గర పంపు తిప్పుతాడు.
తెలుగులో, ఒడియాలో, హిందీలో తిడతాడు.
మెచ్చుకోవడం మటుకు సవర భాషలో,
అది మాకెవరికీ రాదు.
ఓడిపోతున్నా సరే
పదిహేనుమందినీ దించుతాడు. అదే మా బాధ.
"ఈయన దగ్గరుంటే సెలక్షనెలా అవుతాది?"
"డాక్టరుగారి పిల్లణ్ణి ముందు పెట్టాడు, సూసేవా?"
నేనేమీ తక్కువదాన్ని కాదు.
కార్తీకంలో పలాస జీడిపప్పు అరకేజీ
ఆయనింటికి పంపాను.
మర్నాడు ఆట మధ్యలో పిల్లలకి పంచాడు.
మా చారుమతి వంతుకి రెండు పలుకులొచ్చాయి.

ఈ పిల్లల జెర్సీల నంబర్లు కుట్టేది నేనే.
మొహాలు సరిగ్గా తెలీవు గానీ
వీపులన్నీ నావే.
మూడు వంకరగా ఉంటే, ఆ రోజు కరెంటు పోయింది.

కిందటి వారం
లింగరాజు గీత దాటి లోపలికి పరిగెత్తాడు.
విజిలు పట్టుకున్న కాలేజీ కుర్రాడు
కళ్ళు తుడుచుకుని ఇంటికెళ్ళిపోయాడు.

ఈ వారం పాతపట్నంతోనే ఆట.
సుబల్ సారు సైకిలు హేండిలుకి ఒక సంచి.
గట్టు పొడుగునా నడుస్తూ
మా చేతుల్లో ఒక్కొక్క జీడి పెట్టాడు,
ఏ జాతర్లో మిగిలినవో, పాకం బాగా ముదిరినవి.
"నోట్లో వేసుకోండి. అప్పుడే విజిలు."
ప్రసాదమనుకున్నాం కాబోలు, వేసుకున్నాం.
దవడలు అతుక్కుపోయాయి.
కట్టుడుపళ్ళు చేత్తో పట్టుకుని
లింగరాజు ఆకాశం వైపు చూశాడు.

అప్పుడు వినబడింది
తడిగడ్డి మీద బంతి,
దూరంగా గుణుపురం రైలు,
పిల్లల గొంతులు.
"చీమా! ఇటు!"
"తాతా, ఎనకాల ఉన్నాడు!"
"ఛాడ్ ఛాడ్, నానున్నాను, ఒదిలీ!"
ఆ చివరి గొంతు మా పిల్లది.
ఇంట్లో ఊఁ తప్ప మరో మాట లేని పిల్ల
ముగ్గుర్ని పేరు పెట్టి కదిలించింది.
ఒకణ్ణి గదమాయించింది.
గోలు పడనిచ్చిన గోలీతో
"పోనీలే" అని కూడా అంది.

ఒకటికి మూడు. ఓడిపోయాం.
జీడి కరిగాక కామేశ్వరి మొదటి మాట:
"పద్దెనిమిదొందలంటే జెర్సీతో కలిపేనేటి?"

సైకిలు మీద వెనక కూర్చున్న దాన్నడిగాను,
"చీమంటే ఎవరే?"
చాలాసేపు తొక్కాక చెప్పింది.
"ఏడో నంబరు. లింగరాజు మామ కొడుకు.
ఒకటో తారీకునుంచి ఆ క్లబ్బంట."
ఇంకేమీ అడగలేదు.
పళ్ళ సందున కొంచెం జీడి ఉంది ఇంకా.

ఆ చొక్కా తిరిగొచ్చింది.
కొత్తగా చేరిన పిల్లకి పదకొండు కావాలట.
బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ విప్పాను.
దారాలన్నీ ఊడొచ్చాక చూస్తే
వెలిసిన గుడ్డ మధ్యలో
ఎండ తగలని ముదురు నీలంలో
ఏడు అలాగే ఉంది.