ఇత్తడి బిళ్ళ

బల్లార్షా గని దీపాల గదిల
ఏడో నంబరు బత్తి మేనేజరుది.
నాగపూర్ నుంచి కొత్తగ వచ్చిండు నిఖాడే సాబు.
మరాఠీల గదిమితే
నా తెలుగు గొంతులనే ఇంకేది.

ఓ రాత్రి పాలికి
బిళ్ళ ఇయ్యకుండనే చెయ్యి చాపిండు.
"బిళ్ళ లేంది బత్తి రాదు సాబ్."
వెనక నలభై మంది. ఒక్కలు దగ్గలే.
"నేనెవరో ఎరికేనా?"
"నాకెరికే.
కప్పు కూలితే బొగ్గుకెట్లెరిక?
ఈ మేకుకు మీ బిళ్ళ వేలాడితేనే
మీకోసం ఎవలన్న దిగుతరు."

జేబులు తడుముకుంట
ఆఫీసుకు మర్లిపోయిండు.
నా కొలువు పోయిందనుకున్న.
సద్ది విప్పలే.
గంట కొట్టేయాల్లకు
బిళ్ళ తెచ్చి బల్ల మీద పెట్టిండు,
సప్పుడు కాకుండ.

మూడేండ్లాయె.
చాయ్‌కి పిలిచింది లేదు,
సెలవడిగితే ఇప్పటికీ
రెండుసార్లు ఎందుకంటడు.
బ్యాటరీలు చెడ్డయని నేనంటే మాత్రం
రెండోసారి అడగడు,
సంతకం పెడతడు.

పైకొచ్చి బత్తి అప్పజెప్పుకుంట
బొగ్గు మొఖంతోని
"పోశక్కా, నేను ఉన్నది" అంటడు.
ఎన్నో దిద్దిన ఆయనకు.
ఆ ఒక్క తప్పు దిద్దలే.